గ్యార్మతి ఆట

రాత్రి చాలాసేపు పాత వాటర్ పోలో (నీళ్ళలో ఈదుతూ బంతిని గోల్‌లోకి విసిరే ఆట) మ్యాచ్‌ల వీడియోలు చూస్తూ ఉండిపోయాను. హంగేరీ ఆటగాడు దెజో గ్యార్మతి గురించి చదివాక నిద్ర పట్టలేదు.

ఈ ఆటలో కాళ్ళు నేలకి ఆనించకూడదు. గోల్‌కీపర్ తప్ప ఎవరూ బంతిని రెండు చేతులతో పట్టుకోకూడదు. గ్యార్మతి మాత్రం కుడిచేత్తో ఎంత బాగా విసిరేవాడో ఎడమచేత్తోనూ అంతే. అడ్డుకునేవాడు ఏ వైపు కాచుకోవాలి?

1948 నుంచి 1964 దాకా వరసగా ఐదు ఒలింపిక్స్ ఆడి, ఐదింటిలోనూ పతకం తెచ్చాడు. అందులో మూడు స్వర్ణాలు. చివరిది టోక్యోలో, 37 ఏళ్ళు నిండడానికి కొద్ది రోజుల ముందు!

నా మనసు మాత్రం 1956 దగ్గరే ఆగిపోయింది. అక్టోబర్ 23న, సరిగ్గా ఆయన పుట్టినరోజునే, హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో సోవియట్ పెత్తనం మీద తిరుగుబాటు మొదలైంది. నవంబర్‌లో సోవియట్ ట్యాంకులు దాన్ని అణిచేశాయి. డిసెంబర్ 6న మెల్‌బోర్న్‌లో ఆ సోవియట్ జట్టుతోనే మ్యాచ్. ఊరు ఏమైందో, ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారో అన్న టెన్షన్‌తో నీళ్ళలోకి దిగడం ఎంత కష్టమో! హంగేరీ 4-0తో గెలుస్తుండగా, ప్రత్యర్థి కొట్టిన దెబ్బకి హంగేరీ ఆటగాడు ఎర్విన్ జాడోర్‌కి కంటి దగ్గర చిట్లింది. చెంప మీదుగా ఒంటి మీదకి రక్తం కారుతుండగానే నీళ్ళలోంచి బయటికొచ్చాడు. జనం ఆగ్రహంతో లేచారు, మ్యాచ్ అక్కడే ఆపేశారు. ఫైనల్లో జాడోర్ ఆడలేకపోయాడు. అయినా యుగోస్లావియాని 2-1తో ఓడించారు.

గ్యార్మతి భార్య ఎవా సేకెయ్ కూడా ఒలింపిక్ ఈత ఛాంపియనే. కూతురు ఆండ్రియా 1972 ఒలింపిక్స్‌లో ఈతలో రెండు పతకాలు గెలిచింది. 1976లో మాంట్రియల్‌లో హంగేరీ మళ్ళీ స్వర్ణం గెలిచినప్పుడు కోచ్ గ్యార్మతే.