మైపాడు సూర్యోదయాన్ని ఎవరూ కొనరు

మైపాడులో పడవ వెనక లేచే సూర్యుడు, పెన్నా మీద సాయంత్రపు ఎరుపు, కొత్తపట్నం అలలు. నెల్లూరు, ఒంగోలు వైపు సరదాగా కెమెరా పట్టిన వాళ్ల హార్డ్‌డిస్కుల్లో సగం ఇవే ఉంటాయి. బాగుంటాయి, లైకులు కూడా పడతాయి, డబ్బులు మాత్రం రావు. సూర్యోదయం కావాల్సినవాడికి ఏ దేశపు తీరమైనా ఒకటే. పైగా అలాంటి బొమ్మ ఇప్పుడు కంప్యూటరే అర నిమిషంలో చేసిపెడుతోంది. కొనేవాడి దగ్గర ఒక బ్రోచరో, పాఠ్యపుస్తకమో, పత్రికలో వ్యాసమో ఉంటుంది. అందులో ఒక పేజీకి ఫలానా పని చేస్తున్న ఫలానా మనిషి కావాలి. అది ఎక్కడ దొరుకుతుందో తెలియక వెతుకుతుంటాడు. మన రెండు జిల్లాల్లో అలాంటివి కావలసినన్ని ఉన్నాయి.

రొయ్యల చెరువులే తీసుకోండి. గట్టు మీద నిలబడి చెరువంతా వచ్చేలా తీసిన ఫోటో ఎవరికీ పనికిరాదు, నీళ్లు తప్ప ఏమీ కనపడవు. పనికొచ్చేది చెక్ ట్రే. మేత వేశాక కాసేపటికి కుర్రాడు ట్రే పైకి లాగి, మేత ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండిందా లేదా అని చూస్తాడు. ట్రే నీటి మీదికి వచ్చి, వలలో రొయ్యలు ఎగురుతూ, వెనక నీళ్లలో గాలి కలిపే ఏరేటరు తిరుగుతున్న ఆ క్షణం మేత కంపెనీకీ, వ్యవసాయ పత్రికకీ, ఎగుమతిదారుడికీ కావాలి. ఎగిరే రొయ్య కదలకుండా రావాలంటే షట్టరు వేగం సెకనులో 1/800వ వంతు కంటే పైన పెట్టండి. నీటి మీద మెరుపు తగ్గడానికి లెన్సు ముందు పోలరైజర్ ఫిల్టరు పెట్టి తిప్పండి. అది ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు తినేస్తుంది (ఒక స్టాపు పోవడమంటే వెలుతురు సగమవడం), కాబట్టి ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే తీవ్రత, ఆ మేరకు పెంచుకోవాలి. వెనక మేత బస్తా మీద కంపెనీ పేరు కనిపిస్తే ముందే తిప్పి పెట్టించండి, ఇంటికొచ్చి చెరపడం కంటే అదే తేలిక. వెనామీనా, టైగరా అన్నది రైతును అడిగి రాసుకోండి. వెనామీని టైగర్ అని రాసి పెడితే, తెలిసిన కొనుగోలుదారు ఆ ఒక్క ఫోటోనే కాదు, మీ మిగతావాటినీ నమ్మడు. అడగకుండా గట్టెక్కొద్దు. తెల్లమచ్చ వైరస్ భయంతో బయటివాళ్లను రానివ్వని చెరువులున్నాయి. రానిచ్చినా మందునీళ్లలో కాళ్లు తడిపి వెళ్లమంటారు, వెళ్లాలి.

ఒంగోలు గిత్తది ఇంకో లెక్క. జాతి లక్షణాలు కనపడని గిత్త ఫోటో ఎంత గంభీరంగా ఉన్నా అమ్ముడుపోదు. పశువు పక్కనుంచి, నాలుగు కాళ్లూ కనపడేలా నిలబెట్టాలి. మీ వైపు వెనక కాలు కాస్త వెనక్కి, అవతలి వెనక కాలు కాస్త ముందుకి ఉండాలి. ముందు కాళ్ల కింద నేల రెండు మూడు అంగుళాలు ఎత్తుగా ఉంటే మూపురం, గంగడోలు బాగా తేలతాయి. కెమెరా ఎత్తు పశువు పొట్ట మధ్యకి ఉండాలి. నిలబడి కంటి ఎత్తున తీస్తే కాళ్లు పొట్టివైపోతాయి. లెన్సు 85 నుంచి 135 మిల్లీమీటర్ల మధ్య చాలు. ఫోను వైడ్ లెన్సుతో దగ్గరికెళ్లి తీస్తే తల పెద్దదై, వెనకభాగం చిక్కిపోతుంది, గిత్త యజమాని ఆ ఫోటో చూసి నొచ్చుకుంటాడు కూడా. తెల్ల ఒళ్లు ఫ్రేము నిండా ఉంటే కెమెరా మీటరు దాన్ని బూడిదరంగు చేస్తుంది, అందుకని ఎక్స్‌పోజరు +0.7 ఇవ్వండి. వెనక ముదురు చెట్లుంటే జరిగేది దీనికి తలకిందులు, తెలుపు కాలిపోతుంది. వెలుగునీడల గ్రాఫు హిస్టోగ్రామ్ కుడి అంచు చూసుకోకుండా కదలొద్దు. పొద్దున తొమ్మిదిలోపే పని ముగించండి. ఎండ నెత్తికెక్కితే మూపురం నీడ పక్కటెముకల మీద పడుతుంది.

స్టాక్ సైట్లలో, అంటే ఫోటోలు ఆన్‌లైన్లో అమ్మిపెట్టే వెబ్‌సైట్లలో, కొనేవాళ్లు వెతికే మాటలైన కీవర్డుల్లో ‘ఒంగోలు’ ఒక్కటే రాసి ఊరుకుంటే సగం గిరాకీ పోయినట్టే. మన పశువులు బ్రెజిల్ వెళ్లి అక్కడ ‘నెలోరే’ అనే జాతిగా పెరిగాయి, ఆ పేరు మన నెల్లూరుదే. ఇంగ్లీషులో రాసేటప్పుడు దానికి ఒక్క ‘ఎల్’ మాత్రమే. కీవర్డుల్లో రెండూ పెట్టండి, వివరణలో మాత్రం ఇది భారతదేశంలో తీసిన ఒంగోలు గిత్త అని స్పష్టంగా ఉండాలి.

చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో యజమాని అనుమతి ఎలాగూ కావాలి. దానికి మించి, కార్మికుడి నెత్తిన హెల్మెట్ లేకపోతే పెద్ద కంపెనీలేవీ ఆ ఫోటో వాడుకోవు. హెల్మెట్లు ఇచ్చే క్వారీనే ఎంచుకోండి. కొండపి, టంగుటూరు వైపు పొగాకు సీజన్లో ఆకు కాల్చే బ్యారన్ లోపల ఆకు తోరణాలు, బయట గ్రేడింగు చేసే చేతులు తీయొచ్చు. పొగాకు ఫోటోలకి గిరాకీ ఎక్కువగా వార్తలకీ, ఆరోగ్య వ్యాసాలకీ. ఉదయగిరి చెక్క చెంచాలైతే చెక్కుతున్న చేతులూ కావాలి, తెల్ల నేపథ్యం మీద వస్తువొక్కటే ఉన్నదీ కావాలి. రెండూ తీసుకుని రండి.

ఇప్పుడు అసలు చిక్కు. స్టాక్ సైట్లలో ఫోటోలు రెండు రకాలు. ప్రకటనలకి వాడుకునేది కమర్షియల్, వార్తకో వ్యాసానికో వాడేది ఎడిటోరియల్. మొదటిదానిలో గుర్తుపట్టగలిగే ప్రతి మనిషికీ మోడల్ రిలీజు, అంటే ఫోటో వాడుకోవచ్చని సంతకం చేసిన కాగితం, ఉండాలి. ముఖం కనపడకపోయినా, తనని తాను గుర్తుపట్టుకునేలా ఉంటే కావాల్సిందే. చిన్నపిల్లలైతే అమ్మో నాన్నో సంతకం చేయాలి. సాక్షి సంతకం అడిగే సైట్లూ ఉన్నాయి. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి, అందులో ఏముందో తెలుగులో చదివి వినిపించాకే సంతకం తీసుకోండి. ‘మీ ఫోటో ఏ కంపెనీ ప్రకటనలోనైనా రావచ్చు’ అన్న మాట దాచి తీసుకున్న సంతకం రేపు తగాదా తెస్తుంది. అక్కడికక్కడే వాళ్ల ఫోటో ఒకటి ప్రింటు తీసి చేతిలో పెడితే నూటికి తొంభై మంది కాదనరు (ఇది నా అంచనా, లెక్క కాదు).

రిలీజు తీసుకోలేని చోట ఎడిటోరియలే దారి. మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే వేలమంది దగ్గర సంతకాలు ఎవరు తీసుకోగలరు? ఆ ఫోటోలో ఏదీ చెరపకూడదు, ఏదీ కలపకూడదు. వెలుతురు, రంగు, క్రాపు వరకే సర్దుబాటు. షట్టర్‌స్టాక్ అనే సైటు ఎడిటోరియల్ వివరణకి ఒక వరస అడుగుతుంది: ముందు ఊరు, దేశం, తర్వాత తీసిన తేదీ, ఆ తర్వాత ఒక్క వాక్యంలో ఏం జరుగుతోందన్నది. మొహర్రం చాంద్రమానం ప్రకారం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, కాబట్టి తేదీ జ్ఞాపకం మీద ఆధారపడి రాయకండి. కెమెరాలో గడియారం సరిగ్గా ఉందో లేదో పండక్కి ముందే చూసుకోండి. జిల్లా పేరుతోనూ జాగ్రత్త. నేలపట్టు, సూళ్లూరుపేట 2022 విభజనలో తిరుపతి జిల్లాకి వెళ్లాయి. మన నోట ఇంకా నెల్లూరనే వస్తుంది, వివరణలో రాకూడదు.

నేలపట్టు మాట వచ్చింది కాబట్టి ఒకటి. అక్కడి పక్షుల అభయారణ్యంలో కెమెరాకి అటవీశాఖ అనుమతి, రుసుము ఉంటాయి. గూళ్ల దగ్గరికి వెళ్లి తీసిన ఫోటోల్ని పత్రికలు పక్కన పెడుతున్నాయి, పెట్టాలి కూడా. పులికాట్ సరస్సులో రాజహంసలు (ఫ్లెమింగోలు) దూరంగా ఉంటాయి, పొద్దెక్కేకొద్దీ నీటి మీద వేడిగాలి అలలాడుతుంది. పది గంటలకి 600 మిల్లీమీటర్ల లెన్సుతో తీసింది ఎంత ఖరీదైన కెమెరాదైనా మెత్తగానే వస్తుంది, ఏ షార్పెనింగూ దాన్ని బాగుచేయలేదు. దూరం తగ్గించలేకపోతే పెందలాడే వెళ్లాలి. శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ పరిసరాల్లో డ్రోను ఊసే ఎత్తకండి.

అప్‌లోడ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. షట్టర్‌స్టాక్, అడోబ్ స్టాక్ రెండింటికీ కనీసం 4 మెగాపిక్సెళ్లు ఉండాలి, ఫైలు జేపెగ్, రంగుల పద్ధతి ఎస్‌ఆర్‌జీబీ. అడోబ్ కీవర్డులు 49 దాకా తీసుకుంటుంది, వరసలో మొదటి పదికి బలమెక్కువ. షట్టర్‌స్టాక్ 7 నుంచి 50. తిరస్కరించడానికి ఎక్కువసార్లు కారణం ఫోకస్ లేకపోవడమో, నీడల్లో గింజలు గింజలుగా కనపడే నాయిస్సో, ఆకాశంలో సెన్సర్ మీది దుమ్ము మచ్చలో, ఒకే దృశ్యం పదిసార్లు పంపడమో. అపర్చరు ఎఫ్ 11 దాటితే దుమ్ము బయటపడుతుంది. పంపేముందు ఫోటోని 100 శాతం సైజులో పెట్టి మూలమూలా చూడండి. డబ్బు విషయానికొస్తే, అడోబ్ ఫోటోలకి అమ్మిన ధరలో 33 శాతం ఇస్తుంది. షట్టర్‌స్టాక్ 2020 నుంచి అమ్మకాలు పెరిగేకొద్దీ వాటా పెరిగేలా 15 నుంచి 40 శాతం దాకా మెట్ల పద్ధతి పెట్టింది, ఆ మెట్లు ఏటా జనవరి 1న మళ్లీ మొదటికి వస్తాయి. చందా కొనుగోలులో ఒక్క డౌన్‌లోడుకి 10 సెంట్లే పడటం మామూలే. వంద ఫోటోలు పెట్టి నెల తిరిగేసరికి ఆదాయం చూసుకుని నీరసపడేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ప్రింట్లలో ఒక్కో అమ్మకానికి మిగిలేది ఎక్కువ, తలనొప్పీ ఎక్కువే. 24 మెగాపిక్సెళ్ల ఫోటో 6000×4000. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 20×13 అంగుళాలదాకా నిక్కంగా వస్తుంది, ఆరడుగుల దూరం నుంచి చూసే గోడకైతే 30×20 కూడా పర్లేదు. కెమెరా నిష్పత్తి 3:2, బజార్లో దొరికే రెడీమేడ్ ఫ్రేములు చాలావరకు కావు. 12×18 కోసం తీసింది 12×15లో పెడితే పొడవులో ఆరోవంతు పోతుంది. గిత్త తోక పోయాక చేసేదేమీ లేదు, తీసేటప్పుడే పక్కల ఖాళీ వదలాలి. ప్రింటు నల్లగా వచ్చిందని ల్యాబ్‌ని తిట్టేవాళ్లలో చాలామందికి అసలు తప్పు స్క్రీను వెలుగులో ఉంటుంది. స్క్రీను మీది తెల్ల పేజీ, పక్కన పెట్టిన తెల్ల కాగితం ఒకే వెలుగులో కనపడేదాకా బ్రైట్‌నెస్ తగ్గించి ఎడిట్ చేయండి. పెద్దది వేయించేముందు 4×6 ఒకటి వేయించి చూడండి.

తీరప్రాంతంలో ఫ్రేము కట్టించడం వేరే విద్య. ప్రింటు అద్దానికి అంటుకునేలా కడితే తేమకి ప్రింటు మీది జెలటిన్ పూత మెత్తబడి అద్దానికే పట్టుకుంటుంది, తర్వాత లాగితే ఫోటో చిరుగుతుంది. మధ్యలో మౌంట్ బోర్డు పెట్టించి ఖాళీ ఉంచాలి. వెనక ఎండీఎఫ్ తేమకి ఉబ్బుతుంది, సన్‌బోర్డు నయం. వెనక అంచులు కాగితపు టేపుతో మూయించి, కింది మూలల్లో రెండు రబ్బరు బొడిపెలు అతికిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలాడుతుంది, బూజు పట్టదు.

ధర దగ్గర చాలామంది ఒకే చోట తప్పుతారు. ఉదాహరణకి ప్రింటు 200, మౌంటు 150, ఫ్రేము 650, పాడయ్యే వాటి వాటా 100, ప్యాకింగు రవాణా 200, మొత్తం 1,300 రూపాయలు అనుకుందాం. మీకు 500 మిగలాలి. అంటే 1,800. ఫోటో పెట్టిన కాఫీ షాపు 30 శాతం అడిగింది. 1,800 మీద 30 శాతం కలిపి 2,340 అని చీటీ అంటిస్తే, షాపు వాటా అమ్మిన ధర మీద 702 పోయి మీకు మిగిలేది 338. సరైన లెక్క 1,800ని 0.7తో భాగించడం, 2,571 వస్తుంది, 2,600 అని రాయండి.

ఊళ్లో కొనేవాళ్లు ఆసుపత్రులు, హోటళ్లు, బిల్డర్లు, క్యాలెండర్లు వేయించే దుకాణాలు. క్యాలెండరుకి నిలువు ఫోటో కావాలి, కింది భాగంలో దుకాణం పేరుకి చోటు వదిలి ఉండాలి. దసరా అయ్యాక వెళితే ఆలస్యమైనట్టే, శ్రావణమాసంలోనే నమూనాలు చూపించాలి. ఆఫ్‌సెట్‌లో సముద్రపు నీలం, వరి పచ్చ చప్పబడతాయి. ప్రెస్సువాళ్ల సీఎంవైకే ప్రొఫైల్ (అచ్చులో రంగులు ఎలా వస్తాయో చూపే ఫైలు) అడిగి ముందే చూసుకుంటే మంచిది. నమూనాకి 1,200 పిక్సెళ్ల వాటర్‌మార్కు ఫోటో చాలు. డబ్బు అందాక అసలు ఫైలు వాట్సాప్‌లో పంపేట్టయితే డాక్యుమెంటుగా పంపండి. ఫోటోగా పంపితే కుదించుకుపోయి ప్రింటు చెడుతుంది, మాట మీకొస్తుంది.

హక్కుల విషయం చట్టంలో స్పష్టంగా ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి ఒకరు కోరి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. అందుకే పెళ్లి ఫోటోలు మీరే తీసినా స్టాక్‌లో పెట్టే హక్కు మీకుండదు. మీ అంతట మీరు తీసినదైతే హక్కు మీదే. హక్కు రాసిచ్చేటప్పుడు కాలం రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం మొత్తం అని చట్టమే అనుకుంటుంది. కాబట్టి బిల్లు మీద ‘ఫోటో ఒకటి, రూ. 3,000’ అని వదిలేయకండి. ‘ఒక ఫోటో, ఒక సంవత్సరపు గోడ క్యాలెండరు, 5,000 కాపీలు, ప్రత్యేక హక్కు కాదు’ అని రాసి సంతకం పెట్టించుకోండి. అదే ఫోటో వాళ్ల హోర్డింగు మీద కనిపించిన రోజు మాట్లాడటానికి ఆ ఒక్క లైనే ఉంటుంది.

విదేశీ సైట్లతో మొదలుపెట్టిన రోజే అమెరికా పన్నుకి సంబంధించిన డబ్ల్యూ-8బెన్ ఫారం నింపండి, పాన్ నంబరు ఇస్తే సరిపోతుంది. అమెరికాలో జరిగిన అమ్మకాల మీద పన్ను 30 శాతం నుంచి ఒప్పందం ప్రకారం 15కి తగ్గుతుంది. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో ఏడాది డిసెంబరు 31తో ఆ ఫారం చెల్లదు. 2026లో నింపినది 2029 చివరిదాకా పనికొస్తుంది, 2030 జనవరికల్లా మళ్లీ నింపకపోతే కోత పాత 30 శాతానికే వెళ్తుంది.