ఇసుకలో తేమ, ఒప్పందంలో లేని మాట

డిగ్రీ పూర్తయిన కొత్తలో నేను, కాంక్రీటు కలిపి లారీల్లో సైట్లకు పంపే ఒక రెడీమిక్స్ ప్లాంటు నాణ్యతా విభాగంలో చేరాను. సిమెంటుతో పోలిస్తే నీరు పెరిగేకొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుందన్న సూత్రాన్ని అప్పటికి ఎన్ని పరీక్షల్లో రాశానో లెక్కలేదు. అయినా రాత్రంతా వాన కురిసిన మర్నాడు, గుట్టలోని ఇసుక తేమను మళ్ళీ కొలవకుండా, ముందురోజు అంకెలతోనే బ్యాచింగ్, అంటే సరుకులు తూచి కలపడం, మొదలుపెట్టించాను. ఘనమీటరుకు 350 కిలోల సిమెంటు, సిమెంటుతో నీటి నిష్పత్తి 0.45, అంటే సుమారు 158 లీటర్ల నీరు ఉండవలసిన మిశ్రమమది. అందులో పడే 700 కిలోల ఇసుకలో తేమ మూడు శాతం పెరిగితే లెక్కకు రాని నీరు 21 లీటర్లు చేరి, నిష్పత్తి 0.51 అవుతుంది. తేడాను మొదట పసిగట్టింది నేను కాదు. మిక్సరు మోటారు లాగే కరెంటు తగ్గిందని మీటరులో చూసిన ఆపరేటరు, "మాలు పలచబడింది సార్, ఒకసారి ఇసుక చూడండి" అన్నాడు.

ఆ సూత్రం ఎక్కడ పుట్టిందో చాలాకాలం తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. డఫ్ ఏబ్రమ్స్ 1918లో దానిని ప్రకటించింది షికాగోలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్ ప్రయోగశాల నుంచి. ఆ ప్రయోగశాల సిమెంటు కంపెనీల సంఘమైన పోర్ట్‌లాండ్ సిమెంట్ అసోసియేషన్ సహకారంతో నడిచేది. విద్యాసంస్థా పరిశ్రమా కలిసి కనిపెట్టిన విషయాన్ని నేను మాత్రం సగమే నేర్చుకున్నాను: సూత్రం తరగతి గదిలో దొరికింది, తడి ఇసుక ప్లాంటుకు వెళ్ళేదాకా కనబడలేదు.

తరగతి గదికీ ప్లాంటుకూ మధ్య ఉన్న ఈ ఎడాన్ని పూడ్చడానికి అమెరికాలో జరిగిన ప్రయత్నం గమనించదగినది. మిడిల్ టెనెసీ స్టేట్ యూనివర్సిటీలో 1996లో కాంక్రీట్ ఇండస్ట్రీ మేనేజ్‌మెంట్ అనే నాలుగేళ్ళ డిగ్రీ మొదలైంది. తర్వాత చీకోలోని కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ కూడా దానిని చేపట్టాయి. సివిల్ ఇంజనీరింగ్‌లో ఒకటి రెండు పేపర్లకు పరిమితమయ్యే కాంక్రీటు అక్కడ చదువుకు కేంద్రం. దానికి తోడుగా ఖాతాలు, అమ్మకాలు, సిబ్బంది నిర్వహణ నేర్పుతారు. ప్లాంటు నడిపేవారికి కావలసినది ఈ కలగలుపే. లాస్ వేగస్‌లో జరిగే వరల్డ్ ఆఫ్ కాంక్రీట్ ప్రదర్శనలో, కంపెనీలు విరాళంగా ఇచ్చిన యంత్రాలనూ సామగ్రినీ వేలం వేసి ఈ కోర్సులకు నిధులు సమకూరుస్తారు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం వేలం కాదు, డబ్బిచ్చిన పరిశ్రమే మార్గదర్శక సంఘంలో కూర్చుని చదువు బాగోగులు కూడా పట్టించుకోవడం.

సాధారణంగా జరిగేది వేరు. కాలేజీకీ కంపెనీకీ మధ్య అవగాహన ఒప్పందం మీద సంతకాలవుతాయి, ఫొటో దిగుతారు, క్యూబులను, అంటే నమూనాగా పోసిన కాంక్రీటు దిమ్మెలను, నొక్కి బలం కొలిచే ఒక యంత్రం కాలేజీకి చేరి దుప్పటి కప్పుకుని నిద్రపోతుంది. కంపెనీ దగ్గర ఉన్న అసలు ఆస్తి, పోసిన 28 రోజులకు ఉండవలసిన బలం రాని క్యూబుల ఫైలు: ఆ రోజు ఇసుక ఎలా ఉంది, లారీ ట్రాఫిక్‌లో ఎంతసేపు ఆగింది, సైటులో డ్రైవరు చేత నీళ్ళు ఎవరు కలిపించారు, క్యూబులను మొదటి రాత్రి ఎక్కడ ఉంచారు అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. పరువు పోతుందన్న భయంతో దానిని బయటికి తీయరు. కొనుగోలుదారుల పేర్లు కొట్టేసి ఇస్తే అంతకు మించిన పాఠ్యపుస్తకం ఉండదని నా నమ్మకం. విద్యార్థులతోపాటు అధ్యాపకులు కూడా ఒక వేసవి ప్లాంటులో గడపాలి; ఈ మాట అన్నందుకు నా స్నేహితులైన అధ్యాపకులు ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తారు.

పరిశ్రమ చేతికి పాఠ్యప్రణాళికను పూర్తిగా అప్పగించడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. తమ అడ్మిక్స్చరు (కాంక్రీటు గుణం మార్చడానికి కలిపే రసాయనం) ఎంత మోతాదులో వాడాలో నేర్పించి పంపమనే కంపెనీకి కావలసింది ఇంజనీరు కాదు, శిక్షణ ఖర్చు లేని ఉద్యోగి. పైగా సరుకులూ మారిపోతున్నాయి: బొగ్గు విద్యుత్ కేంద్రాలు మూతపడిన చోట, సిమెంటుకు తోడుగా కలిపే ఫ్లైయాష్ అనే బొగ్గు బూడిద దొరకడం కష్టమవుతోంది, కాల్చిన బంకమన్ను, సున్నపురాయి కలిపిన సిమెంట్లు వస్తున్నాయి. ఒకే మిశ్రమాన్ని కంఠస్థం చేసినవాడు అక్కడ నిలవలేడు.

ఈమధ్య ఒక కాలేజీ విభాగం తమ సలహా మండలిలో చేరమని అడిగింది. ఒప్పుకుంటూ ఒక షరతు రాశాను: ఏడాదికి రెండు సమావేశాలకు బదులు, ఇద్దరేసి విద్యార్థులను ఆరు వారాలపాటు ప్లాంటుకు పంపండి, తెల్లవారుజామున మొదటి బ్యాచ్‌కు ముందే రావాలి. మొదటి వారమంతా వాళ్ళ పని ఒకటే, పెనంలో ఇసుక వేయించి, ముందూ వెనకా తూచి, తేమ ఎంతో ఆపరేటరుకు చెప్పడం.