వాషింగ్టన్‌లో మన నేల రాళ్లు రెండు

వాషింగ్టన్ డీసీలో చూడాల్సినవన్నీ దాదాపు ఒకే వరుసలో ఉంటాయి. తూర్పు చివర కేపిటల్ భవనం, పడమటి చివర లింకన్ స్మారకం, మధ్యలో వాషింగ్టన్ స్తంభం. ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 3 కిలోమీటర్లు. ఈ పొడవాటి పచ్చిక మైదానాన్ని నేషనల్ మాల్ అంటారు. మ్యూజియంలన్నీ దానికి అటూ ఇటూ ఉంటాయి. మా అమ్మాయి వాళ్లుండే ఆష్‌బర్న్‌లో సిల్వర్ లైన్ మెట్రో ఎక్కితే, ఎక్కడా మారకుండా స్మిత్సోనియన్ స్టేషన్‌లో దిగొచ్చు. పార్కింగ్ టెన్షన్ ఉండదు. రైల్లో తినడానికి, తాగడానికి మాత్రం ఒప్పుకోరు. మా ఆవిడ కట్టుకొచ్చిన పులిహోర డబ్బా మైదానంలో చెట్టు నీడకు చేరాకే తెరిచాం.

మేం వెళ్లింది జూన్‌లో. 1912లో టోక్యో నగరం కానుకగా పంపిన చెర్రీ చెట్ల పూలు అప్పటికే రాలిపోయాయి. ఎండ, ఉక్కపోత మన గుంటూరులాగే ఉన్నాయి. వైట్‌హౌస్‌ను దూరంగా కంచె ఇవతల నుంచే చూశాం. ఫోటో తీసుకోవడం తప్ప అక్కడ చేసేదేమీ లేదు.

వాషింగ్టన్ స్తంభం దగ్గర మాత్రం కాసేపు నిలబడాలి. దాని ఎత్తు 555 అడుగులు. కింది భాగం రాయి ఒక రంగులో ఉంటుంది, పైభాగం ఇంకో రంగులో. 1848లో మొదలైన పని డబ్బుల్లేక 1854లో ఆగిపోయింది. మధ్యలో అంతర్యుద్ధం వచ్చింది. మళ్లీ మొదలుపెట్టేసరికి రాయి వేరే క్వారీ నుంచి తెచ్చారు. 1884లో పూర్తి చేశారు. ఆ ఆగిపోయిన గుర్తును దాచిపెట్టకుండా అలాగే ఉంచడం నాకు నచ్చింది.

అమెరికాలో ఎన్నడూ కాలు పెట్టని జేమ్స్ స్మిత్సన్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త రాసిచ్చిన ఆస్తితో 1846లో ఏర్పడిన సంస్థ ఈ స్మిత్సోనియన్. ఇక్కడి మ్యూజియంలలోకి వెళ్లడానికి డబ్బు కట్టక్కర్లేదు. రైట్ సోదరులు 1903లో ఎగరేసిన విమానాన్నీ, చంద్రుడి దగ్గరికి వెళ్లొచ్చిన అపోలో 11 నౌకనూ పైసా ఖర్చు లేకుండా చూశాం. అయితే నేను ముందునుంచీ ఎదురుచూసింది నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్న హోప్ వజ్రం కోసం.

మాది సత్తెనపల్లి. కృష్ణ ఒడ్డున కొల్లూరులో వజ్రాల గనులుండేవని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. హోప్ వజ్రం ఆ కొల్లూరుదేనని పరిశోధకులు చెబుతారు. 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు దాన్ని మన దేశం నుంచి తీసుకెళ్లి ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి అమ్మాడు. 1792లో, ఫ్రెంచి విప్లవం రోజుల్లో, దొంగలు ఎత్తుకుపోయారు. కోతలు పడుతూ, చేతులు మారుతూ చివరికి న్యూయార్క్ నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ దగ్గరికి చేరింది. ఆయన దాన్ని 1958లో మామూలు రిజిస్టర్డ్ పోస్టులో పంపి మ్యూజియానికి ఇచ్చేశాడు.

ఇప్పుడది 45.52 క్యారెట్లు. ముదురు నీలం. చుట్టూ తెల్లవజ్రాలు, అద్దాల పెట్టెలో మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఫోన్లు పైకెత్తిన జనం మధ్యలోంచి తోసుకుని ముందుకు వెళ్లాను. గొప్పగా ఉంది, నిజమే. కానీ దాన్ని తవ్వి తీసిన మనిషి ఎవరో, ఏ ఊరివాడో, ఏం కూలి దొరికిందో ఎక్కడా రాసి లేదు, రాసేవాళ్లూ లేరు. కొనుక్కున్నవాళ్ల పేర్లన్నీ చరిత్రలో ఉన్నాయి. ఆ కొల్లూరేమో పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. చాలాసేపు నా మనసంతా ఆ నీళ్ల దగ్గరే ఉండిపోయింది.

సాయంత్రం లింకన్ స్మారకం వైపు నడుస్తుంటే దారిలో వియత్నాం యుద్ధ స్మారకం వచ్చింది. నల్లరాతి గోడలు రెండు, నేలలోకి దిగినట్టు ఉండి ఒక మూల దగ్గర కలుస్తాయి. కలిసేచోట గోడ ఎత్తు 10 అడుగులు. గోడ మీద విగ్రహం లేదు, శిఖరం లేదు. చనిపోయిన, జాడ తెలియని అమెరికన్ సైనికుల పేర్లు 58,000కు పైగా చెక్కి ఉన్నాయి. దీన్ని రూపొందించిన మాయా లిన్ అప్పటికి 21 ఏళ్ల విద్యార్థిని. గోడ 1982లో పూర్తయింది.

పేర్లు అక్షర క్రమంలో లేవు. హోదాలు లేవు. చనిపోయిన తేదీల వరుసలో చెక్కారు, అందుకే ఒకే పోరులో పోయినవాళ్లు పక్కపక్కనే ఉంటారు. ఒక పెద్దాయన ఒక పేరు మీద కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంటున్నాడు. ఆయన వెనక వాళ్లబ్బాయి కాబోలు, భుజం పట్టుకుని నిలబడ్డాడు. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"నాన్నా, ఈ రాయి మన బెంగళూరు వైపు నుంచే వచ్చిందట" అంది అమ్మాయి. నునుపు చేస్తే అద్దంలా మెరుస్తుందని కావాలనే దాన్ని ఎంచుకున్నారు. చేత్తో తాకి చూశాను. పేర్ల మీద నా ముఖం కనపడింది. వజ్రం ముందు నిలబడ్డప్పుడు రాని ఏడుపు ఇక్కడ వచ్చింది. ఇది ఎవరి ఆస్తీ కాదు, ఎవరైనా తాకొచ్చు. మన రాయి ఇంత మంచి పనికి వచ్చినందుకు గర్వంగా అనిపించింది. ఆ యుద్ధంలో వియత్నాం వాళ్లు లక్షల్లో చనిపోయారు. వాళ్ల పేర్లు ఇక్కడ లేవు. అదీ గుర్తుపెట్టుకోవాలి.

లింకన్ స్మారకం మెట్లెక్కితే 1963లో మార్టిన్ లూథర్ కింగ్ నిలబడి మాట్లాడిన చోట రాతి మీద గుర్తు చెక్కి ఉంది. అక్కడినుంచి చూస్తే మేం పొద్దుటి నుంచి నడిచిన దారంతా కనపడుతుంది.

పిల్లల దగ్గరికి వెళ్లే మన తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే. వజ్రాన్ని పొద్దున 10కి తలుపులు తీయగానే చూసెయ్యండి, తర్వాత జనం పెరిగిపోతారు. గోడ దగ్గరికి వెళ్లడానికి వేళ లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. నడక ఎక్కువ కాబట్టి మెత్తటి బూట్లు వేసుకోండి. గోడ దగ్గర మాత్రం మిమ్మల్ని తొందరపెట్టొద్దని పిల్లలకు ముందే చెప్పండి.