పోర్టోలో పాట రెక్కీ: వాయవ్యాన దిగిన సూర్యుడు

ఒకే ఒక్క డ్యూయెట్ కోసం జూన్‌లో వారం రోజులు పోర్చుగల్‌లోని పోర్టో వెళ్లొచ్చాం, నేనూ మా కెమెరామెన్ అన్నా. రెక్కీ, అంటే షూటింగ్‌కి ముందే వెళ్లి లొకేషన్లు చూసుకురావడం, ఇంట్లోవాళ్లకి విహారయాత్రలాగే వినిపిస్తుంది. నిజానికి పొద్దున్నుంచి రాత్రి దాకా ఫోన్‌లో కంపాస్ పట్టుకుని ఎండ ఎటు తిరుగుతోందో చూసుకోవడం, యూనిట్ బస్సు ఎక్కడ ఆపాలి, బాత్రూములు ఎక్కడున్నాయి, యాభై మందిని ఎక్కడ కూర్చోబెట్టి అన్నం పెట్టాలి అని వీధి వీధీ తిరగడం, అంతే.

డైరెక్టర్ గారి ఫోన్‌లో ఒక ఫొటో ఉంది. నది ఒడ్డున రిబేరా పేటలో రంగురంగుల ఇళ్లు, పక్కన పెద్ద ఇనుప వంతెన, ఇళ్ల మీద బంగారంలాంటి సాయంత్రపు ఎండ. "వచ్చే జూన్‌లో ఇదే ఫ్రేమ్ కావాలి" అన్నారు. మొదటి రోజు సాయంత్రం ఆ ఫ్రేమ్ దొరికేచోటికి, అంటే దౌరో నదికి అవతలి ఒడ్డున ఉన్న గాయాకి వెళ్లి నిలబడ్డాం. ఆరు దాటింది, రిబేరా అంతా నీడ! ఎండేమో మా వీపు వెనకున్న గాయా గోడల మీద పడుతోంది. ఆలోచిస్తే విషయం సులువే. రిబేరా ఇళ్లది దక్షిణం ముఖం, జూన్‌లో ఇక్కడ సూర్యుడు దిగేది రాత్రి తొమ్మిది దాటాక, అదీ నేరుగా పడమటన కాకుండా బాగా వాయవ్యానికి జరిగి, ఊరి వెనక్కి. అదే అక్టోబర్ అయితే నైరుతి వైపు నుంచి దిగుతాడు కాబట్టి ఆ ఇళ్ల ముఖాలన్నీ వెలుగుతాయి. ఆ ఫొటో ఏ నెలలో తీసిందో మాలో ఒక్కరం కూడా అడగలేదు. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికే టికెట్ డబ్బులు సరిపోయాయని నా లెక్క.

తర్వాత పర్మిషన్ల గోల. పోర్టో వేరు, గాయా వేరు, వంతెన ఈ చివర ఒక మున్సిపాలిటీ, ఆ చివర ఇంకోటి. నాది రాజమండ్రి, కొవ్వూరు వైపు తిరిగి నిలబడినట్టే ఉంది. నదికి మళ్లీ వేరే సంస్థ. పైగా 1886లో తెరిచిన ఈ లూయిస్ వంతెన రెండంతస్తులది, పై అంతస్తు మీద మెట్రో నడుస్తుంది, పట్టాల పక్కనే జనం తిరుగుతుంటారు. మాది పాట కాబట్టి చప్పుడుతో పేచీ లేదు గానీ, రైలు వచ్చినప్పుడల్లా కాళ్ల కింద వంతెన అదురుతుంది, లాంగ్ లెన్స్ పెడితే హీరోయిన్ కాకుండా ఫ్రేమే డ్యాన్స్ చేస్తుంది. పైన ఒక్క వైడ్ షాట్ చాలనుకున్నాం.

సావో బెంతో స్టేషన్ గురించి పెద్దగా చెప్పను, గోడల మీద దాదాపు 20,000 నీలిరంగు పలకలు, అద్భుతం, కానీ నడుస్తున్న స్టేషన్, మనకి ఖాళీ చేసివ్వరు. అక్కడి ఒక బొమ్మలో 1415లో సెయుతా పట్టణాన్ని గెలిచిన ఘట్టం ఉంటుంది. ఆ దండయాత్రకి పోర్టో జనం మాంసమంతా ఓడలకెత్తి, తమకి పేగులు, పొట్ట మాత్రం మిగుల్చుకున్నారని కథ, ఇప్పటికీ వీళ్లని 'త్రిపెయిరోలు' అంటారు, మన భాషలో బోటీగాళ్లు అన్నమాట. తెల్ల బీన్స్ వేసి వండిన ఆ కూర తిని మా అన్న, వరంగల్ మనిషి, "మా అమ్మ చేసే బోటీల కారం తీసేస్తే గిదే రా" అన్నాడు.

జూన్ 23 రాత్రి సావో జొవావో పండగ. ఊరంతా ప్లాస్టిక్ సుత్తులు పట్టుకుని ముక్కూమొహం తెలియనివాళ్ల నెత్తిన కొడుతూ తిరుగుతారు, సందుల్లో సార్డీన్ చేపలు కాలుస్తుంటారు, అర్ధరాత్రి నది మీద బాణసంచా. నా నెత్తిన ఎన్ని పడ్డాయో లెక్కలేదు, ఒక ముసలమ్మ అయితే వెనక్కొచ్చి మరీ రెండోది వేసింది.

మర్నాడు పొద్దున్నే ఖాళీగా ఉంటుందని డ్యాన్సర్ల వరసలు కొలవడానికి రిబేరా రేవుకి వెళ్లాం. వంతెనకి కొంచెం ఇవతల మంచి జాగా దొరికింది, టేపు పరిచాం. గోడకి ఒక కంచు ఫలకం, దాని కింద మైనం కారిన దీపాలు, రెండు ఇంకా వెలుగుతున్నాయి. ఏమిటని మా లోకల్ మేనేజర్ ఆవిడని అడిగితే చెప్పింది. 1809 మార్చి 29న నెపోలియన్ సైన్యం ఊళ్లోకి వస్తుంటే జనం పడవల వంతెన మీదుగా గాయాకి పరిగెత్తారు, వంతెన కూలింది, వేలమంది నదిలో పోయారంటారు. నాకు 2015 పుష్కరాల మొదటిరోజు మా ఊరి రేవులో జరిగిన తొక్కిసలాట గుర్తొచ్చింది. టేపు చుట్టేశాను.

"ఫ్రేమ్‌ల గోడ రాదు కదరా" అన్నాడు అన్న.

"రాకపోయినా వద్దన్నా."

అన్న ఒకసారి దీపాల వైపు చూసి, ట్రైపాడ్ భుజాన వేసుకుని పడమరగా నడిచాడు. అక్కడ జాగా ఇరుకు, ఇరవై నలుగురు డ్యాన్సర్లు పట్టరు, పదహారు మందితో సరిపెట్టాలి. రాళ్లు కూడా ఎగుడుదిగుడు, ట్రాలీ పట్టాల కింద చెక్కలు పెట్టక తప్పదు.

సాయంత్రం డైరెక్టర్ గారికి ఫోన్ చేసి జూన్ కుదరదు, అక్టోబరే అని చెప్పాను. "అక్టోబర్‌లో అక్కడ వాన పడదా?" అన్నారు.

"పడుతుంది సర్."

"మరి?"

"రెండు రోజులు ఎక్కువ పెట్టుకోవాలి సర్."

"ప్రొడ్యూసర్‌కి నువ్వే చెప్పు" అని పెట్టేశారు.