ఐదో తరగతి పిల్లలకు ఎవరు చెబుతారు?

పోయిన నెల ధర్మవరం పోయినప్పుడు, నాలుగో తరగతి చదివే మా అన్న కూతుర్ని పెద్దయ్యాక ఏం చేస్తావమ్మా అని అడిగితే టక్కున టీచర్ అంది. పక్కనున్న పిల్లల్లో ఇద్దరు పోలీసు, ఒకడు డాక్టరు. చిన్నప్పుడు మమ్మల్ని అడిగినా ఇవే చెప్పేవాళ్ళం.

అన్న మగ్గం మీద ఉన్నాడు. మగ్గం పైన చీరకు డిజైను తెచ్చే జాకార్డుకు వేలాడుతున్న చిల్లుల అట్టలు పాపకు చూపించి, ఆ చిల్లులు ఎక్కడ పడాలో కొట్టే ఆయనకు ఎట్లా తెలుస్తుంది అన్నాను. తెలీదంది. గళ్ళ కాగితం మీద చిన్న మామిడిపిందె గీసి, రంగు వేసిన గడికి చిల్లు, ఖాళీ గడికి లేదు అని చెప్పాను, అంతే, ఆ పిల్ల గంటసేపు అక్కణ్ణుంచి కదల్లేదు. తనే ఒక నెమలిని గీసింది, తోక గళ్ళలో పట్టలేదని చెరిపి మళ్ళీ గీసింది. "చిన్నాయనా, దీన్ని కంప్యూటర్లో కూడా చేస్తారా?" అంది. చేస్తారు, ధర్మవరంలోనే చేస్తారు. పుట్టినప్పటి నుంచి మగ్గం చప్పుడు వింటున్న పిల్లకు అట్లాంటి పని ఒకటుందని ఎవరూ చెప్పలేదు.

ప్రైమరీ స్కూల్లో కెరీర్ గైడెన్స్ ఏంటి అంటారు చాలామంది. ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి కూర్చోబెట్టి ఇంజనీరింగా, మెడిసినా అని టెన్షన్ పెట్టమని కాదు నేననేది, మనుషులు ఎన్ని రకాల పనులు చేసి బతుకుతున్నారో కళ్ళతో చూడనివ్వమని. మా మండలంలోనే నిమ్మలకుంట ఉంది, అక్కడ తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు సంచి లేకుండా 10 రోజులు ఇట్లాంటి పనులు చూపించమంది. మంచి మాటే, కానీ ఆరో తరగతి దాకా ఎందుకు ఆగాలి?

ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టల్ బడి నవోదయలో ఆరో తరగతి సీటుకు పరీక్ష ఐదో తరగతిలో ఉండగానే రాయాలి, అదీ ఒక్కసారే. తెలుగులోనే రాయొచ్చు, కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే. మాలాంటి వాళ్ళ కోసమే పెట్టిన బడి, లేపాక్షిలోనే ఉంది, అయినా దాని పేరు నేను మొదటిసారి విన్నది ఏడో తరగతిలో. లెక్కల్లో క్లాసుకు నేనే ఫస్టు. నాయన ఒక రోజు నేత మానుకుని ఫారం కోసం తిరిగితే, వయసు కాదు, తరగతి దాటిపోయింది అని చెప్పి పంపించారు. ఆ రాత్రి ఆయన అన్నం తిని మళ్ళీ మగ్గం గుంతలోకి దిగాడు, ఎవరితోనూ మాట్లాడలేదు. చదువుకోని నాయనకు ఆ సంగతి రెండేళ్ళ ముందు ఎవరు చెప్పాలి? బడే చెప్పాలి కదా.

అన్న కూతురు వచ్చే ఏడు ఐదుకు వస్తుంది. వాళ్ళ హెడ్‌మాస్టరు గారితో మాట్లాడాను. వచ్చే నెల ఒక శనివారం నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని అట్టలు కొట్టే చోటికి తీసుకుపోదామన్నారు. నవోదయ నోటిఫికేషన్ వచ్చిన రోజే బడి గోడకు అంటించి, ప్రతి ఇంటికీ మనిషిని పంపి చెప్పించమని కూడా అడిగాను, ఆ తిరిగే పని నేనే చేస్తానన్నాను.