మంచు ఏడున్నర అంగుళాలు, మరి నీళ్లెన్ని?

మొన్నటి మంచు తుఫానుకి నా దగ్గర ముందు రెండు లెక్కలు తేలాయి. తెల్లరంగు వేసిన చెక్క పలక మీద మంచు ఏడున్నర అంగుళాలు. పదంగుళాల మంచుకి అంగుళం నీళ్లు అనే పాత లెక్కన 0.75 అంగుళం నీళ్లు ఉండాలి. వాన కొలిచే గొట్టం, అంటే గేజ్‌లో పడ్డది కరిగిస్తే వచ్చింది 0.31. రెండూ తప్పే.

చలికాలం మొదలవగానే నాలుగంగుళాల గేజ్‌లోంచి గరాటునీ, లోపలి సన్న గొట్టాన్నీ తీసేసి బయటి గొట్టం ఒక్కటే ఉంచుతాను. లేకపోతే గరాటు మీదే మంచు పేరుకుని, తర్వాత పడేదంతా పక్కకి జారిపోతుంది. పొద్దున్నే దాన్ని లోపలికి తెచ్చి, కొలిచిన గోరువెచ్చని నీళ్లు పోసి, మంచంతా కరిగాక సన్న గొట్టంలోకి వంచి చూస్తాను. నేను పోసినన్ని నీళ్లు ఆ లెక్కలోంచి తీసేయాలి. ఎన్ని పోశామో ముందే కాగితం మీద రాసుకోవాలి, నిద్రమత్తులో గుర్తుండదు.

చిక్కంతా గాలితోనే. గేజ్ మూతి దగ్గర గాలి పైకి లేచి దాటిపోతుంది. వాన చినుకు తన బరువుకి లోపల పడుతుంది గానీ, మంచు తునక గాలితో పాటే వెళ్లిపోతుంది. గట్టి గాలిలో ఒక్కోసారి సగం కూడా చిక్కదు. ప్రపంచ వాతావరణ సంస్థ పోలికకి ప్రమాణంగా పెట్టుకున్న గేజ్ చుట్టూ రెండు వరసల చెక్క కంచెలుంటాయి, బయటిదాని వ్యాసమే 12 మీటర్లు. పెరట్లో అది కుదిరే పని కాదు.

అందుకే నేను పలక మీంచి కోసిన మంచునే నమ్ముతాను. పదిచోట్ల లోతు కొలిచి, పలక మీది లోతు ఆ సగటుకి దగ్గరగా ఉందనిపిస్తేనే అక్కడ కోస్తాను. విడిగా ఉంచుకున్న ఇంకో బయటి గొట్టాన్ని బోర్లించి నిటారుగా పలక దాకా దించి, అడుగున పలచటి రేకు దూర్చి తిరగేస్తాను. మళ్లీ అదే కరిగించడం. వచ్చింది 0.52. అంటే ఈసారి దాదాపు పద్నాలుగుకి ఒకటి. పొడి మంచైతే ఇరవై, ముప్పై కూడా కావచ్చు. తడి మంచైతే ఐదే.

0.21 తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ చదరపు అడుగు మీద అంగుళం నీళ్లు దాదాపు 5.2 పౌన్లు తూగుతాయి. 1500 చదరపు అడుగుల కప్పు మీద ఆ తేడా ఒక్కటే 1600 పౌన్లు దాటుతుంది. రేపు కరిగే మంచుతో వాగు ఎంత పొంగుతుందో లెక్కేసేవాళ్లకీ కావలసింది ఈ అంకే. కొలతలు పంపేవాళ్లు గేజ్‌లో ఎంతుంటే అంతే రాసి పంపేస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నేను 0.52 పంపాను. గేజ్ 0.31 చూపిందనీ, రాత్రంతా గాలి ఆగలేదనీ కింద రాశాను.