విరిగిన చోటు

యూఏఈలోని రస్ అల్ ఖైమాలో నేను పనిచేసే టైల్స్ ఫ్యాక్టరీ ల్యాబులో మూలన ఒక మిషన్ ఉంటుంది. ఎంవోఆర్ మిషన్ అంటాం, టైల్‌ని వంచి విరిచి దాని బలం కొలిచేది. కింద రెండు రోలర్లు, పైన ఒకటి, మూడింటికీ రబ్బరు తొడుగు. టైల్‌ని కింది రెండింటి మీద పెడితే పై రోలర్ సరిగ్గా మధ్యలో నొక్కుతుంది. బరువు దబాలున పడకూడదు. సెకనుకి చదరపు మిల్లీమీటరుకు 1 న్యూటన్ చొప్పునే ఒత్తిడి పెరగాలి. 600 మిల్లీమీటర్ల టైల్, 9 మిల్లీమీటర్ల మందం అయితే మా దగ్గర 2,400 న్యూటన్ల దాకా ఓర్చుకుని టప్పున విరుగుతుంది. మా ఏలూరు వైపు లెక్కలో మూడు బస్తాల ధాన్యం కంటే కాస్త ఎక్కువే.

విరిగిన బరువును టైల్ కొలతలతో లెక్కేసి బలం తీస్తాం. పోర్సిలిన్ టైల్‌కి అది సగటున చదరపు మిల్లీమీటరుకు కనీసం 35 న్యూటన్లు రావాలి. మాకు రోజూ 42, 43 వచ్చేది. రెండేళ్ల కిందట ఒక వారం ఉన్నట్టుండి 31కి పడింది. సరుకంతా హోల్డ్‌లో పెట్టారు. నైట్ షిఫ్టు వాళ్లు మట్టిపొడిని టైల్‌గా అదిమే ప్రెస్సులో ప్రెజర్ తగ్గించి కొట్టారని తేల్చేసి, వాళ్ల ఓవర్‌టైం ఆపేశారు. అందులో ఒకాయన జగిత్యాల మనిషి, మేం ఉండే లేబర్ క్యాంపులో మా పక్క గదే. ఆ రాత్రి నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"తమ్మీ, మేం ప్రెజర్ ముట్టుకోలే. నీ మిషన్ ఒకసారి సూడరాదు."

నాకు కోపం వచ్చింది. మిషన్‌కి క్యాలిబ్రేషన్ అయి నెల కూడా కాలేదు. అయినా నిద్ర పట్టలేదు. మందం తప్పుగా కొలిచానేమోనని మొదటి అనుమానం. లెక్కలో మందంతో రెండుసార్లు భాగిస్తాం కాబట్టి అర మిల్లీమీటరు తేడా వస్తే బలం పన్నెండు శాతం మారిపోతుంది. పొద్దున్నే విరిగిన అంచు వెంట మళ్లీ కొలిచాను. మందం సరిగానే ఉంది.

అప్పుడు చెత్త డబ్బాలోంచి పాత ముక్కలు తీసి నేల మీద జత చేశాను. సరైన పరీక్షలో టైల్ పై రోలర్ కిందే, అడ్డంగా తిన్నగా విరగాలి. ఇవన్నీ మూల నుంచి ఏటవాలుగా విరిగాయి. మధ్యలో పై రోలర్ వ్యాసమంత భాగం దాటి విరిగిన టైల్‌ని సగటు లెక్కలోకి తీసుకోకూడదని ఈ పరీక్షకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10545-4 చెబుతుంది. సగటుకు కనీసం అయిదు మంచి ఫలితాలు కావాలి. షీటు నిండాలన్న తొందరలో మేం అన్నీ కలిపేస్తున్నాం. అది ల్యాబు తప్పు, అందులో నాదీ ఉంది.

ఏటవాలుగా ఎందుకు విరిగాయి? బట్టీలోంచి వచ్చిన టైల్ ఎప్పుడూ నూటికి నూరుపాళ్లు చదునుగా ఉండదు, వెంట్రుకవాసి మెలిక ఉంటుంది. అందుకే కింది రోలర్లలో ఒకటి టైల్‌కి తగ్గట్టు కాస్త అటూ ఇటూ ఊగాలి. మాది ఊగడం లేదు. అది ఊగే పిన్ను చుట్టూ మట్టిపొడి, పెంకు ముక్కలు చేరి బిగుసుకుపోయింది. టైల్ రెండు రోలర్ల మీద నిండుగా ఆనకపోవడం వల్ల వంగడంతో పాటు మెలిపడి ముందే విరిగిపోయింది. బరువు కొలిచే లోడ్ సెల్ అబద్ధం చెప్పలేదు. టైల్ మీద పడ్డ బలమే మేం అనుకున్నది కాదు.

పిన్ను కడిగి, రబ్బరు మార్చి, హోల్డ్‌లో ఉన్న అదే సరుకులోంచి ఏడు టైల్స్ తీసుకున్నాను. 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, చల్లారాక ఒక్కొక్కటే విరిచాను. ఏడూ మధ్యలోనే విరిగాయి. సగటు 42.

సరుకు వెళ్లిపోయింది. తప్పు మిషన్‌దని రిపోర్టులో రాశాను. ప్రెస్సు వాళ్లను పిలిచి మీ తప్పు లేదని ఎవరూ చెప్పలేదు, ఆ వారం ఓవర్‌టైం డబ్బులూ తిరిగి రాలేదు. ఎండలో, వేడిలో ఒళ్లు హూనం చేసుకున్న మనుషులవి ఆ డబ్బులు. నాకది ఇప్పటికీ బాధే. క్యాంపులో నేనే వెళ్లి ఆయనకు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చాయ్ పెట్టాడు.

ఇప్పుడు నా రిజిస్టర్‌లో బలం గడి పక్కన ఇంకో గడి గీసుకున్నాను: విరిగిన చోటు. ఆయన డ్యూటీకి వెళ్తూ ల్యాబు తలుపు దగ్గర ఆగుతాడు.

"రోలర్ ఊపి సూసినవా తమ్మీ?"

"చూశానన్నా."